సిపాయి ఇంటికి వచ్చిన తరువాత

తెలుగు సాహిత్యం చదివిన వారికి ఖడ్గ తిక్కన కథ కొత్త కాదు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధికి ఆయన సేనాని. భారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజికి దాయాది సోదరుడు. పశువుల మేత పుల్లరి విషయమై కాటమరాజుతో పోరు సంభవించగా, సైన్యమంతా నశించిన పిమ్మట ఆయన ఒంటరిగా ఇంటికి తిరిగి వచ్చాడట. భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచిందట. ఇంట్లో ఇదివరకు ఇద్దరమే ఆడవారము, ఇప్పుడు మీతో ముగ్గురమయ్యామన్నది ఆ పసుపుముద్ద భావం. తల్లి ప్రోలమ్మ భోజనంలో విరిగిన పాలు వడ్డించిందట. ఆయన మరల కత్తి పట్టి పోయి, తిరిగి రాలేదు.

ఈ కథను మేము తరగతిలో చెప్పినప్పుడల్లా పసుపుముద్ద దగ్గర విద్యార్థులు నవ్వుతారు, పాల దగ్గర చప్పట్లు కొడతారు. చాటు పద్యాల సొగసు అటువంటిది. అయినా మాకు ఎప్పుడూ ఒక సందేహం మిగిలిపోతుంది. తనతో పోయిన వారంతా కళ్ళ ఎదుట కూలిపోగా గుమ్మంలో నిలుచున్న ఆ మనిషిని, ఏమి చూచి వచ్చావని ఆ ఇంట్లో ఎవరైనా అడిగారా? కథ చెప్పినవారికి ఆ ప్రశ్న అవసరమనిపించలేదు. ఏడువందల ఏండ్లు గడచినా మన ఇండ్లలో ఆ ప్రశ్న అడిగే అలవాటు ఏర్పడలేదని మేము అనుకొనుటకు కారణం మా మామూ.

మా అమ్మీ పుట్టినది ప్రకాశం జిల్లాలో కంభం ప్రాంతపు ఒక పల్లె. వానలు సరిగా పడని ఆ మెట్టనేలలో పదవ తరగతి తప్పిన పిల్లవానికీ, పాసైన పిల్లవానికీ కూడా ఫౌజే దిక్కు. మన రాష్ట్రంలో ఇటువంటి ఊళ్ళు ఇంకా ఉన్నవి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరమనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుండి ఆ ఊరి ఇండ్లు సైన్యానికి మనుషులను పంపుతూనే ఉన్నవి. మా మామూ 1983లో, పందొమ్మిదవ ఏట చేరాడు. బెంగళూరులో శిక్షణ పొంది సైనిక లారీ డ్రైవరయ్యాడు.

1987 జూలై 29న భారత, శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. శాంతిని కాపాడుటకని వెళ్ళిన మన సేన అక్టోబరు నాటికి యుద్ధంలో దిగవలసి వచ్చింది. మా మామూ జాఫ్నా ద్వీపకల్పంలో రేషను లారీ నడిపాడు. అక్కడ శత్రువు ఎదుట నిలిచేవాడు కాదు; రోడ్డు క్రింద ఉండేవాడు. మందుపాతర ఎక్కడ పూడ్చారో తారు అతుకును చూచి గుర్తుపట్టవలసిందే. ఒకనాడు ముందు పోతున్న లారీ ఎగిరిపోయింది. దానిలో ఉన్నవాడు ఆనాటి ఉదయం ఈయనతో ఒకే మగ్గులో చాయ్ త్రాగినవాడు. ఈ మాట మాకు తెలిసింది ఇరవై ఏండ్ల తరువాత.

ఆ సేన 1990 మార్చిలో తిరిగి వచ్చింది. సుమారు 1,200 మంది ప్రాణాలు అక్కడే పోయినవి. మద్రాసు రేవులో దిగిన వారికి స్వాగతం చెప్పుటకు ఆనాటి రాష్ట్ర ముఖ్యమంత్రి రాలేదు. రాజకీయ కారణాలు ఏవైనా కానీ, ఓడ దిగిన సిపాయికి అవి తెలియవు. గెలిచామా, ఓడామా అన్నది ఎవరూ చెప్పని యుద్ధం నుండి వచ్చిన వాడు ఇంటివారికి ఏమని చెప్పుకొంటాడు?

చెప్పుకొనుటకు ఉత్తరాలు ఉన్నవి కదా అనవచ్చు. ఆ ఉత్తరాల సంగతే కొంత వివరించవలసి ఉన్నది. మా ముమానీకి చదువు రాదు. ‘56 ఏ.పీ.ఓ.’ అని తప్ప ఊరి పేరు లేని చిరునామాతో వచ్చే ఆ ఉత్తరాలను మా అమ్మీయో, పోస్టుమాస్టరుగారి కుమార్తెయో చదివి వినిపించేవారు. వసారాలో నానీ, చుట్టుప్రక్కల ఆడవారు, పిల్లలము అందరమూ చేరేవాళ్ళము. భార్యకు వ్రాసిన ఉత్తరాన్ని పదిమంది వినే ఇంట భర్త ఏమి వ్రాయగలడు? అందుచేత అన్ని ఉత్తరాలూ ఒకటే. నేను ఖైరియత్, మీ ఖైరియత్ తెలుపవలెను, గేదె ఈనినదా, మనియార్డరు అందినదా, పెద్దలకు సలాములు. జవాబు వ్రాసేదీ ఇతరులే కనుక ముమానీ కూడా ఖైరియత్ అనే వ్రాయించేది. కొడుకుకు టైఫాయిడ్ వచ్చి పదిహేను రోజులు మంచాన ఉన్న నెలలోనూ ఖైరియతే.

ఇది మా ఇంటి విచిత్రం కాదు. 1914 సెప్టెంబరులో మార్సేయ్ రేవులో దిగిన భారతీయ సిపాయిల ఉత్తరాలను ఆంగ్ల అధికారులు తెరచి చదివి, ఆంగ్లంలోకి అనువదించి, వారి మనఃస్థితిని అంచనా వేసేవారు. ఆ అనువాదాలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ ఉన్నవి. చదువు రాని సిపాయి పక్కవాని చేత వ్రాయించి, ఊళ్ళో మరొకరి చేత చదివించుకొనేవాడు. మధ్యలో దొర చదివేవాడు. కొందరు నల్ల మిరియాలనీ ఎర్ర మిరపకాయలనీ సంకేతాలు పెట్టుకొన్నారు. నల్లవి మన సిపాయిలు, ఎర్రవి తెల్ల సిపాయిలు. భయమని వ్రాయలేని వాడు మిరియాలు నిండుకొన్నవని వ్రాశాడు. మా మామూకు ఆపాటి సంకేతం కూడా లేకపోయింది.

ఇక సెలవులు. సిపాయికి ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు, మరి కొన్ని రోజుల క్యాజువల్ సెలవు. ఆ రోజులలో ఇల్లు పండుగ. కోడి కోస్తారు, బంధువులు వస్తారు, ట్రంకుపెట్టె తెరుస్తారు. మా మామూ కూతురు మూడేండ్ల వయస్సులో మేమంతా పిలిచే పిలుపు విని, తండ్రిని తానూ ‘మామూ’ అనే పిలిచింది. అందరూ పడిపడి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ పిల్ల చేత ‘అబ్బా’ అనిపించుటకు ఆ సెలవు చాలలేదు.

పదిహేడేండ్ల సేవ ముగించి 2000లో, ముప్పదియారేండ్ల వయస్సులో ఆయన ఇంటికి వచ్చాడు. ఇతర ఉద్యోగాలలో మనిషి అప్పుడప్పుడే స్థిరపడే వయస్సు అది. అసలు కష్టం అప్పుడే ఆరంభమైనదని మా ముమానీ అంటుంది. పదిహేడేండ్లు ఆమె ఒంటిచేత్తో ఇల్లు నడిపింది. రేకుల ఇల్లు దించి స్లాబు వేయించింది. చీటీలు కట్టింది, ఆడబిడ్డ పెండ్లి చేసింది, పొలం గట్టు తగాదాలో పెద్దమనుషుల ముందు నిలిచి మాట్లాడింది. వచ్చినాయన మొదటి నెలలోనే లెక్కలు అడిగాడు. ఆమె ఒక గుడ్డసంచీ తెచ్చి, పాసుపుస్తకాలు, రసీదులు, మనియార్డరు ముక్కలు అన్నీ ఆయన ముందు కుమ్మరించి, వంటింటిలోకి పోయి తలుపు వేసుకొన్నది. ఆయన అడిగినది అనుమానంతో కాదని మా నమ్మకం. ఇంట్లో తనకంటూ ఒక పని వెతుక్కొన్నాడు. ఆ ఇంట ఖాళీగా ఉన్న పని లేదు.

నాలుగు గంటలకు లేచేవాడు. పిల్లల పక్కబట్టలు మడత తప్పితే విప్పి మళ్ళీ మడిపించేవాడు. గోడకు ఒక కాగితం అంటించి ఎవరు ఏ వేళ ఏమి చేయవలెనో వ్రాశాడు. పదమూడేండ్ల కొడుకు దానిని చదివి, ‘సెలవు ఎప్పటి వరకు?’ అని తల్లిని అడిగాడు. వాడు ఎగతాళికి అడుగలేదు. తండ్రి అంటే సెలవు మీద వచ్చేవాడన్నదే వాడికి తెలిసినది.

దీనితో పాటు మరికొన్ని కనిపించసాగినవి. క్రొత్తగా అతుకు వేసిన రోడ్డు వస్తే ఆటో ఆపించి దిగి నడిచేవాడు. హోటలులో గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేటట్లు కూర్చొనేవాడు. షబే బరాత్‌కూ దీపావళికీ టపాకాయలు కాల్చే రాత్రులు పొలంలో పడుకొనేవాడు. ఊళ్ళో వైద్యుడు నరాల బలహీనతని చెప్పి బలం సూదులు వేశాడు. నానీ తావీజు కట్టించింది. తావీజును మేము తక్కువ చేయుట లేదు. కొడుకుకు ఏదో బాధ ఉన్నదని ఆ ఇంట మొదట ఒప్పుకొన్నది ఆ ముసలితల్లియే కదా.

ఒక వేసవి రాత్రి వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలింది. ఆయన నిద్రలోనే లేచి, ప్రక్క మంచం మీది కూతురిని నేలకు లాగి పైన పడుకొన్నాడు. పిల్ల మోచేయి విరిగింది. కేకలకు చేరినవారు ఆయనను విడదీయుటకు చాలాసేపు పట్టింది. మరునాడు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. నాలుగవ నాడు ప్రక్క ఊరి రిటైర్డు సుబేదారుగారు ఒకరు వచ్చి, ఏమీ అడుగకుండా కొంతసేపు ప్రక్కన కూర్చొని, ‘పద తమ్ముడూ, నేనూ పోయి వచ్చినవాణ్ణే’ అని సికింద్రాబాదులోని సైనిక వైద్యులకు చూపించుటకు తీసుకొనిపోయాడు. ఈ ‘నేనూ పోయి వచ్చినవాణ్ణే’ అన్న మాటకు ఉన్న బలం మా ఎం.ఏ. చదువులో మేము ఏ గ్రంథంలోనూ చూడలేదు.

ఆ జబ్బుకు పేరు ఉన్నది. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ‘షెల్ షాక్’ అన్న మాటను లాన్సెట్ పత్రికలో వాడాడు. ఆ యుద్ధంలోనే, పిరికితనమనీ పారిపోయారనీ నేరం మోపి బ్రిటిష్ సైన్యం తన సిపాయిలనే కాల్చి చంపింది. వారిలో 306 మందికి 2006లో మరణానంతర క్షమాభిక్ష దొరికింది. వియత్నాం నుండి వచ్చిన అమెరికా సిపాయిల ఆందోళనల అనంతరం 1980లో అక్కడి మానసిక వైద్యుల సంఘం దీనిని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అన్న పేరుతో తన రోగాల పట్టికలో చేర్చింది. మా మామూకు మందులు ఇచ్చారు, మాట్లాడించారు. ముఖ్యంగా, రెండవ పర్యాయం ముమానీని కూడా రమ్మన్నారు. ఆమె ఏడాది పొడవునా లోపల ఉంచుకొన్నదంతా డాక్టరమ్మ ముందు గంటసేపు చెప్పిందట. ఆయన విన్నాడట. మరొకరు చదివి వినిపించకుండా వారిద్దరి మధ్య నడచిన మొదటి ఉత్తరం అదేనని మాకు అనిపిస్తుంది.

పూర్తిగా నయమయిందని మేము అనము. ఇప్పటికీ ఆయన రోడ్డు అతుకు మీద కాలు పెట్టడు. గోడ మీది కాగితం మాత్రం తీసివేశాడు.

సేవలో ఉన్నప్పుడే ఎందుకు చెప్పలేదని మేము ఒకసారి అడిగాము. నవ్వి, ‘షేప్’ అన్నాడు. సైన్యంలో ఆరోగ్యాన్ని అయిదు ఆంగ్లాక్షరాలతో కొలుస్తారు. ఆ అయిదూ కలిస్తే ‘షేప్’. మొదటి అక్షరమే మనస్సుకు, తరువాతవి వినికిడి, కాళ్ళు చేతులు, శరీర సామర్థ్యం, కంటిచూపు. శ్రేణి తగ్గితే ప్రమోషను ఆగవచ్చు. హవల్దారు పట్టీ కోసం ఎదురుచూచేవాడు నిద్ర పట్టుట లేదని చెప్పుకొంటాడా? మనస్సును మొదటి అక్షరంగా పెట్టినవారి వివేకం గొప్పదే. దానిని గురించి నోరు విప్పితే నష్టం వస్తుందేమోనన్న భయమూ అంతే పెద్దది. ఈ ముడిని విప్పకుండా ఎన్ని ఆసుపత్రులు కట్టినా సిపాయి తలుపు తట్టడని మా అభిప్రాయం.

కొంత మార్పు లేకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు పూనుకొన్న వ్యక్తిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా చూడవలెనన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 అన్న నంబరు నుండి ఎవరైనా ఉచితంగా మాట్లాడవచ్చును, తెలుగులోనూ మాట్లాడవచ్చును. 2023 డిసెంబరులో పూణేలోని సైనిక వైద్య కళాశాలలో సిపాయిల కొరకూ వారి కుటుంబాల కొరకూ దానిలో ఒక ప్రత్యేక విభాగం పెట్టారు.

మన కళాశాల మైదానంలో తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలను మేము ప్రతిదినమూ చూస్తున్నాము. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో సేవ నాలుగేండ్లు. ఆపైన కొనసాగించేది నాలుగవ వంతు వరకే. అనగా మా మామూ ముప్పదియారేండ్లకు ఎదుర్కొన్న గుమ్మాన్ని వీరిలో చాలామంది పాతికేండ్లు నిండకముందే ఎదుర్కొంటారు. వారిని పోవద్దనుట మా ఉద్దేశ్యం కాదు. చెప్పినా వినరు, జీతం అవసరమైన ఇండ్ల పిల్లలు వారు.

కమిటీ పెద్దలకు మా విన్నపం చిన్నది. ఆ నంబరును తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో గ్రంథాలయం గోడ మీద వ్రాయించవలెను. పరుగు పిల్లల తల్లిదండ్రులను ఏడాదికి ఒకసారి పిలిపించి, పోయి వచ్చిన సుబేదారు వంటి వారి చేత ఒక పూట మాట్లాడించవలెను. మన ప్రవేశ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి ఒకటి ఉన్నది. ఈ సంవత్సరం వాటిని సరిచూచునప్పుడు ఆ గడిలో ‘ఎక్స్ సర్వీస్‌మన్’ అని ఉన్నవి మాకు పదకొండు కనిపించినవి. అందులో తొమ్మిదింటి క్రింద సంరక్షకుని సంతకం తల్లిది.