అశ్వత్థామ హతః... ఆ తర్వాత?

తుమ్మపాలలో ఉన్న తాతయ్యకు ఒంట్లో ఎలా ఉందని అమెరికాలోని మనవరాలు ఫోన్లో అడిగింది. "బాగానే ఉన్నారమ్మా. పొద్దున్న ఇడ్లీ కూడా తిన్నారు" అంది నానమ్మ. తిన్నది అనకాపల్లి ఆస్పత్రి మంచం మీదన్న మాట మాత్రం మింగేసింది. దూరాన ఉన్న పిల్లలకు కంగారెందుకని!

పక్కనే ఉన్న కొడుకు ఆ గొంతులో తేడా పట్టేశాడు. "అశ్వత్థామ హతః అంటున్నావేంటమ్మా?" అన్నాడు.

అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పమంది పిల్ల. 'హాఫ్ ట్రూత్' అన్నాడు గానీ ఆ తర్జుమా అతనికే రుచించలేదు. గట్టిగా 'అశ్వత్థామ హతః' అని, మెల్లగా 'కుంజరః' అన్న ధర్మరాజు అందులో ఏడీ? చచ్చింది ఏనుగని తెలియక, కొడుకే పోయాడనుకుని అస్త్రాలు వదిలేసిన ద్రోణుడేడీ?

నార్వే వాళ్లు ఇలాంటి మాటను 'సగం పాడిన పాట' అంటారు. ఇంగ్లీషులోకి వస్తే అదీ వట్టి 'హింట్' అయిపోతుంది. అర్థం ఏరు దాటుతుంది, పాట ఒడ్డునే ఉండిపోతుంది.

చివరికి తండ్రి కథంతా చెప్పాడు. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నానమ్మా, మరి నువ్వు మెల్లగా అన్న మాటేంటి?"

జవాబు రావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆస్పత్రిలో ఉన్నాం తల్లీ."