మా కొండల ఎర్రచందనం

ఎర్రచందనం పేరు ఇప్పుడు సినిమాలు చూసే వాళ్లందరికీ తెలుసు. దుంగలు తెలుసు, లారీలు తెలుసు. చెట్టును చూసిన వాళ్లు మాత్రం తక్కువ. నేను ఆ చెట్ల నీడలో పెరిగాను. ఈ హాస్టల్లో ఆరు నుంచి పది దాకా చదువుకుని, ఇప్పుడు అటవీశాఖలో బీట్ ఆఫీసర్‌గా ఆ చెట్ల మధ్యే తిరుగుతున్నాను. అందుకే తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఈ చెట్టుకు ప్రపంచం మొత్తంలో సొంత ఊరు ప్రధానంగా మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలే. రాతినేల, మండే ఎండ, కొద్దిపాటి వాన దానికి చాలు. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెడితే రక్తంలాంటి జిగురు కారుతుంది. లేత చెట్టు లోపల తెల్లగానే ఉంటుంది. ఎర్రగా చేవదేరడానికి పదుల ఏళ్లు పడుతుంది. ఆ చేవకర్ర నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు.

ఒకప్పుడు మా పల్లెల్లో ఇళ్ల గుంజలకు వాడేవారు. తిరుపతిలో బొమ్మలు చెక్కేవారు. విదేశాల్లో గిరాకీ పెరిగాక అడవి పలచబడింది. 1995లో దీన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు. 2021లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు.

రాత్రి కాపలాలో దొరికే వాళ్లను చూస్తే నాకు కోపం కంటే దిగులే ఎక్కువ. గొడ్డలి పట్టిన చేతికి దక్కేది కూలి. దుంగ సముద్రం దాటాక లాభం తినేదెవరో వీళ్లకు పేరు కూడా తెలియదు. కేసు మాత్రం వీళ్ల పేరు మీదే.

మా ఊళ్లో ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు ఒకడున్నాడు. లెక్కల్లో నాకంటే చురుకు. ఆ ఏడు నాకు హాస్టల్లో సీటు దొరికింది, వాడికి దొరకలేదు. మేకల వెంట వెళ్లాడు. ఇంటి అప్పు కోసం ఒక్క రాత్రి దుంగ మోసి వేరే బీట్‌లో పట్టుబడ్డాడు. మూడేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్నాడు. అప్పు అలాగే ఉంది. వాడికీ నాకూ తేడా తెలివి కాదు తమ్ముళ్లూ, ఒక్క సీటు.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక్క రాత్రికి వేలు ఇస్తామని ఎవరైనా పిలిస్తే, ఆ తర్వాతి ఏళ్ల లెక్క కూడా వేసుకోండి.

నరికిన మోడు నుంచి మళ్లీ పిలకలు లేస్తాయి. అవి చేవదేరేసరికి మీలో ఇప్పుడు ఆరో తరగతి చదివేవాడు తాత అవుతాడు.

– ఒక పూర్వ విద్యార్థి