గట్టు మీది పాము, గ్రంథంలోని పాము

2018 ఆగస్టులో మా దివిసీమలో సర్పయాగం జరిగింది. ఆ ఏడు వానలకి కలుగులూ పుట్టలూ నీళ్ళతో నిండి పాములు గట్ల మీదికి వచ్చాయి. అవి నాట్ల రోజులు. అవనిగడ్డ ఆసుపత్రికి పాము కరిచినవాళ్ళు వరసగా వస్తూనే ఉన్నారు. కొద్ది వారాల్లోనే ఆ లెక్క వంద దాటిందని పత్రికలు రాశాయి. ఒకపక్క విరుగుడు మందు సంగతి చూస్తూనే, మరోపక్క మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో అధికారుల చొరవతో సర్పశాంతి కోసం యాగం చేయించారు. హేతువాదులు వెక్కిరించారు. భక్తులు దణ్ణం పెట్టుకున్నారు. మా కోడూరు నుంచి కూడా ఎంతోమంది మోపిదేవి వెళ్ళి వస్తూంటారు. కనుక ఆ రెండు రకాల మాటలూ మా వీధిలోనే విన్నాను.

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ రెండూ కాదు. కొన్ని పత్రికలు దాన్ని సర్పయాగం అనే రాశాయి. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఏళ్ళ తరబడి పిల్లలకి నన్నయ ఆదిపర్వం పాఠం చెప్పినదాన్ని. అందులో సర్పయాగం అంటే పాములకి శాంతి కాదు, పాముల్ని జాతి మొత్తంగా నిప్పుల్లోకి రప్పించి చంపడం. జనమేజయుడు చేసినది అదే. ఆ యాగాన్ని జరిపించినందుకు కాదు, మధ్యలో ఆపినందుకు ఆస్తీకుణ్ణి మనం తలుచుకుంటాం. మన ఊళ్ళలో పాము కనిపిస్తే ఆస్తీకుడి పేరు చెప్పుకోవడం ఇప్పటికీ ఉంది. ఆయన పేరు గుర్తుంది గానీ ఆయన చేసిన పని మరిచిపోయాం. యాగమనే మాట మిగిలింది గానీ యాగాన్ని ఆపడమనే మాట మిగల్లేదు.

జంతువుల విషయంలో మతగ్రంథాలు ఏం చెబుతున్నాయి అనే చర్చ వచ్చినప్పుడల్లా మన దగ్గర అది కత్తి చుట్టూనే తిరుగుతుంది. ఏది తినచ్చు, ఏది తినకూడదు, ఏది బలి ఇవ్వచ్చు, ఎవరు ఇవ్వచ్చు. ఆ చర్చలో కులం ఉంది, రాజకీయం ఉంది, దాన్ని తేలిక చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ మనం పెంచుకోని, తినని, మనకి పాలివ్వని ప్రాణి సంగతేమిటి? మనల్ని చంపగల ప్రాణి సంగతేమిటి? దయకి అసలు పరీక్ష అక్కడ ఉందనుకుంటాను. ఆ పరీక్షని ఆదిపర్వం మొదటి పుటల్లోనే పెట్టారు. చిత్రమేమిటంటే అక్కడ నోరు విప్పినవాళ్ళలో తల్లులు ఉన్నారు, జంతువులు ఉన్నాయి. రాజులు చాలాసార్లు మౌనంగా ఉన్నారు.

మొదట సరమ. దేవతల కుక్క. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆమె పిల్ల వెళ్ళింది. అది హవిస్సు ముట్టలేదు, కనీసం దానివంక చూడనైనా లేదు. రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. సరమ వచ్చి అడిగింది: నా బిడ్డ ఏం తప్పు చేసింది? సమాధానం లేదు. అనుకోని ఆపద మీ మీదికి వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది. ఈ ఘట్టంలో నన్నయ పద్యాన్ని మనలో చాలామంది బడిలో కంఠస్థం పట్టినవాళ్ళమే. దాన్ని నీతిపద్యంగా నేర్పారు. ఒక తల్లి చేసిన ఫిర్యాదుగా ఎవరూ నేర్పలేదు. నిరపరాధి అయిన జంతువుని కొట్టడం అధర్మమని రాజసభలో నిలబడి చెప్పింది ఒక ఆడకుక్క. మన మహాకావ్యం ద్వారం దగ్గరే ఆమె నిలబడి ఉంది.

తర్వాత రురుడి కథ. ప్రమద్వర చెలికత్తెలతో ఆడుకుంటూ నిద్రపోతున్న పాము మీద కాలు వేసింది. అది కరిచింది. ఆమె చనిపోతే రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నాడు. అంతవరకూ ప్రేమకథ. ఆ తర్వాత అతను కర్ర పట్టుకుని కనిపించిన పామునల్లా చంపుతూ పోయాడు. చివరికి డుండుభం ఎదురైంది. అది విషం లేని పాము. కరిచేవి వేరు, మేం వేరు, ఆకారం పాముదైనంత మాత్రాన మమ్మల్ని చంపుతావా అని అడిగింది. అహింస పరమధర్మమన్న మాట సంస్కృత భారతంలో అక్కడ, ఆ దెబ్బ తినబోతున్న పాము నోట వినిపిస్తుంది. ఆ మాటని మనం గోడల మీద రాసుకున్నాం, సభల్లో చెప్పుకున్నాం. ఎవరన్నారో మాత్రం చెప్పుకోలేదు.

ఈ కథలో ఇంకొక మౌనం కూడా ఉంది. తిరిగి బతికిన ప్రమద్వరని ఎవరూ ఏమీ అడగరు. కాటు తిన్నది ఆమె. పగ పట్టింది అతను. నిద్రపోతున్న దాని మీద తన కాలే పడిందని తెలిసిన ఆమె ఏమనుకుందో, ఆ పాముల చావు తనకి కావాలో వద్దో ఆమె చేత ఒక్క మాట చెప్పించలేదు. ఆడవాళ్ళ పేరు మీద జరిగే హింసలన్నిటిలోనూ ఈ లక్షణం ఉంటుంది.

ఆదిపర్వం చివర ఖాండవదహనం. కృష్ణార్జునులు అడవిని అగ్నికి ఆహుతి చేస్తారు. పారిపోయే ప్రాణుల్ని కూడా పోనివ్వరు. తక్షకుడు ఆ సమయంలో అక్కడ లేడు. అతని భార్య కొడుకుని కాపాడబోయి అర్జునుడి బాణానికి తల తెగి చనిపోయింది. కొడుకు పేరు అశ్వసేనుడు. తల్లి తక్షకుడి భార్య, అంతే. పాములకీ పాండవులకీ మధ్య పగ గురించి మాట్లాడేటప్పుడు పరీక్షిత్తుని కరిచిన తక్షకుడి దగ్గర మొదలుపెడతాం. మంటల్లో చనిపోయిన ఆ తల్లి దగ్గర మొదలుపెట్టం.

ఇక ఆస్తీకుడి తల్లి జరత్కారువు. నాగకన్య, వాసుకి చెల్లెలు. జాతిని రక్షించే కొడుకు పుట్టాలని అన్న ఆమెను ఒక మునికి ఇచ్చాడు. సంధ్యావందనం వేళ దాటిపోతుందని నిద్రలేపినందుకు ఆ ముని ఆమెను వదిలి వెళ్ళిపోయాడు. యాగాన్ని ఆపిన కొడుకుని ఒంటరిగా పెంచింది ఆమే. నాగుల చవితినాడు పుట్ట దగ్గర నిలబడే ఆడవాళ్ళు తలుచుకోదగిన పేరు ఏదైనా ఉంటే అది ఈమెది.

ఆ పుట్ట దగ్గరికి నేనూ చిన్నప్పుడు నాయనమ్మ వెంట వెళ్ళాను. కార్తీకమాసం, చలి మొదలైన పొద్దు. చలిమిడీ చిమ్మిలీ పెట్టి, పుట్టలో పాలు పోసి, ఆ మట్టి చెవులకి రాసేది. అదే నెలలో గడ్డివాము దగ్గర తాచు కనబడితే మా బాబాయి కర్రతో కొట్టి చంపాడు. నాయనమ్మ అడ్డు చెప్పలేదు. చచ్చిన పాము నోట్లో చిల్లర నాణెం పెట్టించి, పాలు పోయించి, మనిషికి చేసినట్టు దహనం చేయించింది. ఆ మంట దగ్గర ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఆమె కపటి కాదు. వాకిట్లో ఆడుకునే పిల్లలం ఆరుగురం ఉన్నాం. భయమూ భక్తీ రెండూ నిజమే ఆమెలో. కానీ ఆ పాలు పాముకి ఆహారం కావు, తాగినా అరగవు. ఆ కర్రకి తాచూ జెర్రిపోతూ ఒకటే. పూజించిన చెయ్యి గానీ, కొట్టిన చెయ్యి గానీ పాము ఎలా బతుకుతుందో కనుక్కోలేదు. ఎలుకలకోసం వరిచేలోకి వస్తుందనీ, వానాకాలం కలుగు మునిగితే గట్టెక్కుతుందనీ, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుందనీ తెలుసుకోవడానికి భక్తి అక్కర్లేదు, పగా అక్కర్లేదు. కాస్త చూపు కావాలి.

ఆ చూపు నాకు మా వైపు నాట్లు వేసే ముఠాలోని ఒకామె దగ్గర కనిపించింది. ఆదివారం చర్చికి వెళ్తుంది. నేను పిన్నీ అంటాను. ఆమెను ఒకసారి మడిలో పాము కరిచింది, మడమ పైన. ఆసుపత్రిలో నాలుగు రోజులుండి బతికింది. పాములంటే కోపం రాలేదా అని అడిగితే నవ్వింది.

"కోపం దేనికి అమ్మాయ్? అది నా ఇంటికొచ్చి కరిసిందా? నా కాలు దాని మీదకెళ్ళింది. అదీ బతకడానికే వచ్చింది, నేనూ బతకడానికే వచ్చా."

బూట్లు వేసుకోవచ్చుగా అన్నాను.

"మడిలో దిగబడి పోతయ్యి. కాలు పీక్కునేసరికే పొద్దు గూకుద్ది. ముఠాలో నా సాలు ఎవురు నాటుతారు?"

ఆమె చదివే గ్రంథంలో ఆదికాండం మూడో అధ్యాయం ఉంది. ఏదెను తోటలో తప్పు జరిగాక దేవుడు పామునీ స్త్రీనీ ఒకరికొకరు శత్రువుల్ని చేస్తాడు. దాని తలని స్త్రీ సంతానం కొడుతుంది, వాళ్ళ మడమని అది కొడుతుంది. వేదాంతులు దీనికి ఎన్ని అర్థాలు చెప్పినా, నడుం వంచి నాట్లు వేసే ఆమె ఆ శాపాన్ని అక్షరాలా తన మడమ మీద మోసింది. అయినా శత్రుత్వాన్ని మాత్రం తీసుకోలేదు. యెషయా ప్రవక్త పదకొండో అధ్యాయంలో పాలు మరవని బిడ్డ నాగుపాము పుట్ట దగ్గర ఆడుకునే రోజు ఒకటి వస్తుందని ఉంది. అదే గ్రంథంలో శాపమూ ఉంది, కలా ఉంది. దేన్ని పట్టుకుంటామన్నది చదివేవాళ్ళ చేతిలోనే ఉంటుందని ఆమెను చూశాక అర్థమైంది.

బందరులో నాతో కలిసి పనిచేసిన ఒక ముస్లిం స్నేహితురాలికి సరమ కథా రురుడి కథా చెప్పినప్పుడు ఆమె ఒక హదీసు చెప్పింది. ఒక ప్రవక్తను చీమ కుట్టింది. ఆయన చీమల పుట్టనంతా తగలబెట్టించాడు. కుట్టింది ఒక్క చీమ కదా, నన్ను స్తుతించే జాతినంతా కాల్చావా అని దేవుడు మందలించాడు. జంతువులూ పక్షులూ మీవంటి సముదాయాలే అని ఖురాన్ ఆరో సూరా చెప్పే మాట కూడా ఆమె గుర్తుచేసింది. సముదాయం అన్న మాట దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగాం. ఒకరు చేసినదానికి జాతినంతా శిక్షించడమంటే ఏమిటో మనుషుల విషయంలో మన దేశంలో చూస్తూనే ఉన్నాం. డుండుభం అడిగినది కూడా అదే.

ఇదంతా చదువుకున్నవాళ్ళ ముచ్చటగా మిగిలిపోకూడదంటే లెక్కలు కూడా చూడాలి. 2020లో వెలువడిన ఒక పరిశోధన 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల వాళ్ళు. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఈ చావులు ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది 2024లో. ఇన్ని వేలమంది ఏటా చనిపోతూ ఉంటే ఇంత ఆలస్యం ఎందుకైంది? చనిపోయేది చెప్పుల్లేని కాళ్ళవాళ్ళు కాబట్టి.

బతికించే మందు వెనక కూడా జంతువులున్నాయి. తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తుంది. ఆ విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తయారుచేస్తారు. పిన్ని ఒంట్లోకి ఎక్కింది అలాంటి గుర్రం ఇచ్చినదే. ఇవ్వడం అన్నానుగానీ దాన్ని ఎవరూ అడగలేదు. ఈ రుణం గురించి ఏ గ్రంథంలోనూ శ్లోకం ఉండదు. అలాగని ఆ మందు వద్దనే నోరు నాకు లేదు, పిన్ని బతకాలి. మచ్చలేని అహింస మనిషికి దొరకదు. దొరకనప్పుడు ఎవరి బాధ మీద మనం బతుకుతున్నామో తెలిసి ఉండటం, ఆ బాధని తగ్గించే దారి వెతకడం కనీసపు పని.

కాబట్టి అహింసని పూర్తిగా మనసుకి సంబంధించిన గుణంగా చెప్పడం నాకిప్పుడు సమ్మతం కాదు. పామును చంపకండి అని నాట్లు వేసే మనిషికి చెప్పాలంటే, మడిలో దిగబడని తొడుగు ఏదో ఆమె కాలికి ఇచ్చి ఉండాలి. రాత్రి గట్టు మీద నడిచేవాళ్ళ చేతిలో లైటు ఉండాలి. నేల మీద పడుకునే పిల్లలకి మంచమూ దోమతెరా ఉండాలి. దగ్గరి ఆరోగ్యకేంద్రంలో మందు ఉండాలి. కాటు పడ్డ రోజు నుంచి లేచి తిరిగేదాకా పోయే కూలికి ఎవరో పూచీ పడాలి. నీటిపాముకీ కట్లపాముకీ తేడా బడిలో నేర్పాలి. ఇవేవీ లేకుండా చెప్పే జీవకారుణ్యం, ప్రమాదాన్ని పేదల కాళ్ళ కింద వదిలేసి పుణ్యాన్ని మన ఖాతాలో రాసుకోవడమే. ఇవన్నీ ఉంటే కర్ర ఎత్తే అవసరం చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పాముకి దక్కే దయా కూలిమనిషికి దక్కే న్యాయమూ ఒకదానికొకటి పోటీ కావు. రెండూ ఒకే గట్టు మీద ఉన్నాయి.

సరమ అడిగినప్పుడు యాగశాలలో ఎవరూ మాట్లాడలేదు. ఆదిపర్వం పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను శాపం దగ్గరికి తొందరగా వెళ్ళను. ఆ మౌనం దగ్గర ఆగి, అక్కడున్న వాళ్ళలో మీరు ఒకరైతే ఏం జవాబు చెబుతారని పిల్లల్ని అడుగుతాను. మొదట ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెడతారు.