మూడు వారాల లెక్క

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలు అడిగినప్పుడు మొదట తప్పించుకోవాలని చూశాను. ఎందుకంటే మన హాస్టల్‌కు నేనొక బాకీ ఉన్నాను. 2024 జనవరిలో మూడు వారాల చదువు కోసం జర్మనీ దేశంలోని బెర్లిన్ నగరానికి వెళ్ళాను. ఆ విమానం టికెట్టుకు డబ్బులు మన హాస్టల్‌లో చదివిన అన్నలే తలా కొంత వేసి ఇచ్చారు. ఆటో నడిపే అన్న ఐదు వందలు, బడిపంతులు అన్న ఐదు వేలు, రైల్వేలో చేస్తున్న అన్న పది వేలు... మొత్తం 64 వేల రూపాయలు. ఆ జాబితా ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. తిరిగి వచ్చాక ఒక్కరు కూడా లెక్క అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. అది ఈ రోజు ఈ పేజీలలో అప్పజెబుతున్నాను.

అసలు ఈ శీతాకాలపు చదువులేమిటో ముందు తమ్ముళ్ళు తెలుసుకోవాలి. యూరప్ నగరాలలోని చాలా విశ్వవిద్యాలయాలు జనవరి, ఫిబ్రవరి నెలలలో రెండు నుంచి నాలుగు వారాల చిన్న కోర్సులు నడుపుతాయి. వింటర్ స్కూల్ అంటారు. భాష, చరిత్ర, రాజకీయాలు, వ్యాపారం ఇలా ఏదో ఒక విషయం తీసుకుంటారు. కొంతసేపు క్లాసు, తర్వాత ఆ విషయానికి సంబంధించిన చోటుకు తీసుకువెళ్ళి చూపించడం, చివర పరీక్షో ప్రసంగమో ఉంటుంది. పాసైనవారికి ఈసీటీఎస్ అనే క్రెడిట్లు ఇస్తారు. యూరప్‌లో ఒక ఏడాది పూర్తి చదువుకు 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. మన విశ్వవిద్యాలయం ముందుగా ఒప్పుకుంటే అవి మన మార్కుల పట్టికలో కూడా చేరతాయి.

ఈ కోర్సులు జనవరిలో పెట్టడానికి కారణం ఉంది. ఆస్ట్రేలియా, బ్రెజిల్ విద్యార్థులకు అది వేసవి సెలవుల కాలం. కొరియా వాళ్ళకు చలికాలపు సెలవులు. మా క్లాసులో ఎక్కువమంది వాళ్ళే. మనకు మాత్రం అది సంక్రాంతి నెల.

నిజం చెప్పాలి. ఇవి డబ్బున్న పిల్లలను చూసుకుని పెట్టిన చదువులు. కేంద్ర ప్రభుత్వం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విదేశాలలో పీజీ, పీహెచ్‌డీ చేసేవారికే. తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా పెద్ద చదువులకే. మూడు వారాల కోర్సుకు వాటిలో దారి లేదు. మా విశ్వవిద్యాలయానికి ఉన్న ఏర్పాటు వల్ల నాకు కోర్సు ఫీజు, గది అద్దె మాఫీ అయ్యాయి. టికెట్టు, వీసా, తిండి మాత్రం నేనే చూసుకోవాలి. మా అమ్మ చెవి దుద్దులు తీసి చేతిలో పెట్టబోయింది. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, మర్నాడే అన్నలు ఫోన్ చేశారు.

అంతకు ముందే పాస్‌పోర్టు దగ్గర ఒక ముడి పడింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఆధార్‌లో పూర్తిగా ఉంది గానీ ఒక అక్షరం తప్పు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, పేరు విడమర్చి రాయాలి. ఆ ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత వీసా. షెంజెన్ వీసా అంటారు. దాని మీద 180 రోజులలో 90 రోజుల వరకు ఉండవచ్చు. ఫీజు అప్పుడు 80 యూరోలు, 2024 జూన్ నుంచి 90 యూరోలు చేశారు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా కావాలి. బ్యాంకు కాగితాలు కూడా అడుగుతారు. మా నాన్న ఖాతాలో ఉపాధి హామీ కూలి పడటం, మర్నాడు తీయడం తప్ప ఇంకేమీ లేదు. ఫీజు మాఫీ లేఖ, మన సంఘం ఇచ్చిన లేఖ జతచేసి దణ్ణం పెట్టుకున్నాను. వీసా వచ్చింది.

బెర్లిన్‌లో దిగిన రోజు చలి ముక్కు పుటాల్లో సూదుల్లా గుచ్చుకుంది. అక్కడ జనవరిలో ఎనిమిది దాటితే గానీ పొద్దు పొడవదు. సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. మన హాస్టల్‌లో స్టడీ అవర్ గంట కొట్టే వేళకు అక్కడ అర్ధరాత్రిలా ఉండేది. మా క్లాసులు డాలెం అనే ప్రాంతంలో, ఫ్రీ యూనివర్సిటీలో జరిగాయి. 1948లో, నగరం రెండుగా చీలిపోతున్న రోజుల్లో, తూర్పు వైపున ఉన్న పాత విశ్వవిద్యాలయంలో స్వేచ్ఛ లేదని బయటికి వచ్చిన విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పెట్టుకున్న విశ్వవిద్యాలయమది. అక్కడి మెట్రో స్టేషన్ పేరు డాలెం డోర్ఫ్. డోర్ఫ్ అంటే ఊరు. 1913లో కట్టిన ఆ స్టేషన్‌కు గడ్డి కప్పు! మా ఊళ్ళో గడ్డి ఇల్లు పేదరికానికి గుర్తు. ఇక్కడ దాన్ని ముచ్చటపడి కాపాడుకుంటున్నారు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి రోజు క్లాసులో అందరినీ పరిచయం చేసుకోమన్నారు. ఎక్కడ పెరిగారు, ఎక్కడ చదివారు అని. నా వంతు వచ్చేసరికి గొంతు తడారిపోయింది. సాంఘిక సంక్షేమ హాస్టల్ అని చెప్పాలి. దానికి ఇంగ్లీషులో ఏమని చెప్పాలో తెలుసు. కానీ నోటి నుంచి “బోర్డింగ్ స్కూల్” అని వచ్చింది. పక్కనున్న ఆస్ట్రేలియా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, “అయితే మీవాళ్ళు బాగా ఉన్నవాళ్ళన్నమాట” అంది. వాళ్ళ దేశంలో బోర్డింగ్ స్కూల్ అంటే పెద్ద ఫీజులు కట్టే పిల్లల బడి అట. నేను కాదనలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఆ నవ్వు రెండు వారాలు నా వెంట తిరిగింది. అందరూ కాఫీకి వెళదామంటే తలనొప్పి అని చెప్పి గదికి పోయేవాణ్ణి. గది వంటింట్లో అన్నం వండుకుని పచ్చడి వేసుకుని తినేవాణ్ణి. అక్కడ నీళ్ళ సీసా కొంటే దాని మీద 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు, ఖాళీ సీసా దుకాణంలో యంత్రంలో వేస్తే తిరిగి ఇస్తారు. మన డబ్బులో ఇరవై రూపాయల పైచిలుకు. నేను నా సీసాలన్నీ జాగ్రత్తగా సంచిలో దాచి, క్లాసువాళ్ళు ఎవరూ లేని వేళ చూసి వేసేవాణ్ణి. పెద్దింటి బిడ్డ సీసాలు ఏరుకుంటున్నాడని అనుకుంటారేమోనని భయం. ఒక అబద్ధానికి ఎన్ని కాపలాలు కాయాలో చూడండి.

జనవరి 15న సంక్రాంతి. ఆ రోజు మా క్లాసు నగరం నడిబొడ్డున పెట్టారు. బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గరికి వెళ్ళేసరికి రోడ్డు నిండా ట్రాక్టర్లు! వేల సంఖ్యలో రైతులు వచ్చారు. వ్యవసాయ డీజిల్ మీద ఇచ్చే రాయితీ తీసేస్తున్నారని నిరసన. ఆ దేశ ఆర్థిక మంత్రి వేదిక ఎక్కి మాట్లాడబోతే ఈలలు, కేకలు. నేను వీడియో కాల్ చేసి అమ్మకు చూపించాను. “అయ్యా, అక్కడ కూడా ట్రాక్టర్లకు పండగ చేస్తారా?” అని అడిగింది. కాదమ్మా, ధర్నా అన్నాను. “అయితే అక్కడి రైతులకూ బాధలున్నాయన్నమాట” అంది. తర్వాత నెమ్మదిగా, “నువ్వు మన సంగతి వాళ్ళకు చెప్పావా?” అని అడిగింది. పొలం సంగతి, కూలి సంగతి అని ఆమె ఉద్దేశం. నేను మాట మార్చేశాను.

మూడో వారంలో మా ప్రొఫెసరు గారు మమ్మల్ని కాలిబాట మీద నడిపిస్తూ ఒక ఇంటి ముందు ఆగారు. నేలలో అరచేతి అంత ఇత్తడి పలక. పది సెంటీమీటర్ల చదరం. దాని మీద “ఇక్కడ నివసించారు” అని, కింద ఒక పేరు, పుట్టిన సంవత్సరం, నాజీలు పట్టుకుపోయిన తేదీ, చంపిన చోటు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990ల నుంచి వీటిని వేస్తూ వస్తున్నాడు. బెర్లిన్ నిండా ఇవి వేలల్లో ఉన్నాయి. నిలబడి చదివితే కనపడదు, తల వంచాలి. తర్వాత గ్రూనెవాల్డ్ స్టేషన్‌లో 17వ నంబరు ప్లాట్‌ఫారానికి తీసుకువెళ్ళారు. 1941 అక్టోబరు నుంచి యూదులను రైళ్ళలో ఎక్కించి పంపిన చోట్లలో అదొకటి. ప్లాట్‌ఫారం అంచున 186 ఇనుప పలకలు. ప్రతి పలక మీద తేదీ, ఎంతమంది, ఎక్కడికి అనే మూడే సంగతులు. పేర్లు లేవు. అప్పుడు ప్రొఫెసరు గారు ఒక మాట అన్నారు. చంపినవాళ్ళు మనుషులను అంకెలుగా రాసుకున్నారు, ఇత్తడి పలక ఆ అంకెను మళ్ళీ ఒక ఇంటికి, ఒక పేరుకు తీసుకువస్తుంది అని.

ఆ పక్క వీధుల్లోనే ఇంకో కథ విన్నాము. 1938 డిసెంబరులో అణువు చీలడాన్ని కనిపెట్టింది డాలెంలోనే. ఆ పనిలో ఏళ్ళ తరబడి భాగం పంచుకున్న లీజె మైట్నర్ అనే శాస్త్రవేత్త యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆ ఏడాది జూలైలోనే దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. 1944 నోబెల్ బహుమతి ఓటో హాన్ ఒక్కరికే ప్రకటించారు. ఆ భవనానికి ఆయన పేరు పక్కన ఆమె పేరు చేర్చింది 2010లో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళ బాధతో నా బాధను పోల్చను. పోల్చడం తప్పు. కానీ ఒక్క ప్రశ్న మాత్రం వదలలేదు. ఎవరో తుడిపేసిన చిరునామాలను ఈ ఊరు తల వంచి మళ్ళీ చదువుతోంది. మరి నా చిరునామాను నేనే నా చేతులతో ఎందుకు తుడిపేసుకుంటున్నాను? ఏడేళ్ళు తిన్న పళ్ళెం, పడుకున్న దుప్పటి, పుస్తకాలు దాచుకున్న ట్రంకు పెట్టె, జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన వంటమనిషి అవ్వ. వీటన్నింటికీ నేను బోర్డింగ్ స్కూల్ అని పేరు పెట్టాను.

చివరి రోజు ప్రతి ఒక్కరూ ఒక చిరునామా గురించి పది నిమిషాలు మాట్లాడాలి. నేను మా గది దగ్గర ఉన్న ఇత్తడి పలక గురించి చెప్పాను. చివర రెండు నిమిషాలు మిగిలాయి. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. “మొదటి రోజు నేను మీతో నిజం చెప్పలేదు. నేను పెరిగింది దళిత పిల్లల కోసం ప్రభుత్వం నడిపే హాస్టల్‌లో. ఒక హాలులో నలభైమంది పడుకునేవాళ్ళం. మా అమ్మ నాన్న కూలిపని చేస్తారు. ఈ టికెట్టు ఆ హాస్టల్‌లో చదివిన అన్నలు కొన్నారు. నేను అక్కడ నివసించాను” అని చెప్పి కూర్చున్నాను.

ఆకాశం ఊడిపడలేదు. ఆస్ట్రేలియా అమ్మాయి దగ్గరికి వచ్చి, ఆ రోజు అలా అన్నందుకు క్షమించమంది. బ్రెజిల్ అబ్బాయి తన తల్లి ఇళ్ళలో పనిచేస్తుందని, తానూ ఎవరికీ చెప్పలేదని అన్నాడు. మూడు వారాలు పక్కపక్కనే కూర్చుని ఇద్దరం ఒకరికొకరు భయపడ్డాము! ప్రొఫెసరు గారు మాత్రం, “మీ హాస్టల్ చరిత్ర ఎవరైనా రాశారా?” అని అడిగారు. లేదన్నాను. ఆ లేదన్న మాటే నేను తెచ్చుకున్న పెద్ద మార్కు.

తమ్ముళ్ళూ, బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళారు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళినప్పుడు తన పొదుపుతో పాటు శాహూ మహారాజు సాయం, నవల్ భథేనా అనే పార్శీ మిత్రుడు ఇచ్చిన అప్పు తోడయ్యాయి. 1921లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలోనూ పేరు నమోదు చేసుకున్నారు. ఆయనంతటివారికే ఇంకొకరి చేయి కావలసి వచ్చింది. చేయి పట్టుకోవడం చిన్నతనం కాదు. పట్టుకున్న చేతిని దాచిపెట్టడమే చిన్నతనం. అది నేను చేశాను.

మూడు వారాలలో ఎవరూ పండితులు కారు. ఆ క్రెడిట్లు చూసి నాకు ఉద్యోగమూ రాలేదు. అప్పు చేసి మాత్రం ఎవరూ ఇలాంటి కోర్సులకు వెళ్ళవద్దు. ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్ ఏమున్నాయో మీ విశ్వవిద్యాలయంలో విదేశీ వ్యవహారాల విభాగాన్ని వేసవి సెలవులు కాగానే అడగండి. డిసెంబరులో అడిగితే ఏమీ మిగలదు. అన్నిటికన్నా ముందు మీ పేరు అన్ని కాగితాలలో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేటప్పుడే పూర్తి ఇంటిపేరు రాయించుకోండి.

అన్నలకు 64 వేలు తిరిగి ఇస్తానంటే తీసుకోరని తెలుసు. అందుకే ఒక పని చేస్తున్నాను. మామూలు పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. మొదటి జీతాలలో దాచిన 15 వేలు సంఘానికి జమ చేశాను. ఈ ఏడాది డిగ్రీలో చేరిన మన హాస్టల్ తమ్ముళ్ళు పదిమందికి పాస్‌పోర్టులు. మిగతా 49 వేలు కూడా విడతలుగా ఇదే పద్దులో వేస్తాను.

వెళ్ళిన చోట ఎవరైనా ఎక్కడ చదివావని అడిగితే, మన హాస్టల్ పేరు పూర్తిగా చెప్పండి. పొడి అక్షరాలు వద్దు.

జై భీమ్.