రెండు ట్రాలీలు

చంద్రపూర్ జిల్లాలోని ఆవర్‌పూర్ పేరు చెప్పగానే 1983లో మొదలైన సిమెంటు కర్మాగారం గుర్తుకు వస్తుంది. సున్నపురాయి గనుల్లో డంపర్లు క్షణాల్లో రాయిని కుమ్మరిస్తాయి. ఆ చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి పండించే రైతు మాత్రం ట్రాలీలోని ఎరువును పారతోనే దింపుకోవాలి.

అటువంటి రైతు ఒకడు లేచే ట్రాలీ కొనదలచాడు. దాని పని సులువే. మీట లాగితే ట్రాక్టరులోని నూనె గొట్టం గుండా సిలిండరులోకి పోతుంది. కడ్డీ పైకి వచ్చి తొట్టి ముందుభాగాన్ని ఎత్తుతుంది. వెనుక తలుపు తెరుచుకొని సరుకు జారిపోతుంది.

వర్క్‌షాపులో రెండు ట్రాలీలు ఉన్నాయి. రెంటికీ ఒకే రంగు. ధరలో తేడా ఒక ఎద్దు ఖరీదంత! రైతు చౌకదాని దగ్గర ఆగాడు. తమ్ముడు కిందికి వంగి చూశాడు.

“అన్నా! రేకు పలుచగా ఉన్నది. వెల్డింగు అక్కడక్కడే పట్టింది. తడిమట్టి ఒక పక్కకు అంటుకుంటే ఈ చట్రం ఆగుతుందా?”

“మరి అప్పు ఎవరు తీరుస్తారురా?”

తమ్ముడు మాట్లాడలేదు. అప్పు కూడా బరువే కదా!

చాలాసేపటికి, గట్టిరకంలోనే చిన్న తొట్టి చేయించుకోవడానికి ఒప్పుకొన్నారు. ఎరువు తోలడానికి రెండు తిరుగుళ్లు ఎక్కువవుతాయి. పోనీ! గొట్టం పగిలితే లేచిన తొట్టి ఒక్కసారిగా కూలుతుంది. అందుకని బేరంలోనే ఒక ఇనుప ఆసరా అడిగారు. గ్రీజు పెట్టే రోజున ముందుగా దానిని నిలబెట్టి, ఆ తరువాతనే అన్న కిందికి దూరతాడు.