ఎర్తు తీగా, చోక్ కేబులూ, మా బాపూ

మొన్న దసరాకి జగిత్యాల వెళ్ళినప్పుడు మా అంబాసిడర్ని దాదాపు తగలబెట్టినంత పని చేశాను. నాలాంటి తెలివైనవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని ఈ టపా.

మాది 1986 మోడల్ మార్క్ 4, పెట్రోలు బండి. మా బాపు గల్ఫ్ నుంచి వచ్చేశాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వేములవాడ దర్శనానికైనా, సిరిసిల్లలో మేనమామ ఇంటికైనా అందులోనే వెళ్ళేవాళ్ళం. 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో చదివి బాపు ఏమీ అనలేదు గానీ, ఆ వారం బండిని రెండుసార్లు తుడిచాడు. తర్వాత అది రేకుల షెడ్డు పాలైంది. ఉద్యోగంలో కాస్త నిలదొక్కుకున్నాక, దాన్ని కొత్తదానిలా చేసి బాపుకి ఇద్దామనుకున్నా.

కోరుట్లలో ఒక పెయింటు షెడ్డుకి పంపించా. బాడీ మొత్తం ఇనుము కనిపించేదాకా గీకించి, ప్రైమరు, తెల్ల రంగు వేయించా. ఇంజిన్‌కీ, బ్రాకెట్లకీ కూడా రంగే. విప్పినప్పుడు జానెడు పొడుగున్న ఒక అల్లిక తీగ వచ్చింది, నూనె పట్టి నల్లగా. ఏ బల్బుకీ, ఏ స్విచ్చుకీ వెళ్ళట్లేదు. డెడ్ కోడ్ అనుకుని డిలీట్ కొట్టేశా. అంటే, చెత్త సంచిలో పడేశా.

బండి బిగించాక సెల్ఫ్ కొడితే మూలుగు తప్ప ఏమీ లేదు. కొత్త బ్యాటరీ వేశా. సెల్ఫ్ మోటారు బాగు చేయించా. అదే మూలుగు. మల్టీమీటరు తెచ్చి ఇంజిన్‌కీ బాడీకీ మధ్య పెడితే "బీప్" అంది. ఎర్త్ బాగానే ఉందని తేల్చేశా. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది కదా మరి!

దసరా రోజు పూజ అయ్యాక బాపు సీట్లో కూర్చుని, చోక్ లాగి సెల్ఫ్ కొట్టాడు. మూడోసారికో నాలుగోసారికో డాష్‌బోర్డు కింద నుంచి పొగ. చోక్ నాబ్ మీదున్న బాపు వేలు కాలింది. ఆయన గబుక్కున దిగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఊడపీకాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సిరిసిల్లలో సాంచెలు నడిపే మా మామకి ఫోన్ చేశా. సాయంత్రానికి వచ్చి, నా మీటరు కథంతా విని నవ్వాడు.

"బీప్ అన్నది సరే అల్లుడా, కరెంటు ఏ తొవ్వల పోతున్నదో గది చెప్తదా? ఇంజిన్ కింద రబ్బరు, మీద రంగు. ఇగ కరెంటు వాపస్ ఎట్ల రావాలె?"

అప్పుడు వెలిగింది. మా బండిలో బ్యాటరీ ఎర్తు తీగ బాడీకి వెళ్తుంది. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రెంటినీ కలిపేది నేను పారేసిన ఆ అల్లిక తీగే. అది లేకపోయేసరికి, సెల్ఫ్ లాగే కరెంటు దొరికిన ఇనుప దారిన, అంటే చోక్ కేబులు గుండా తిరిగొచ్చింది. మీటరు బీప్ అన్నదీ ఆ కేబులు వల్లే!

లెక్క చూడండి. మీటరు బీప్ పరీక్షకి పంపే కరెంటు చాలా చిన్నది. సెల్ఫ్ లాగేది వంద ఆంపియర్ల పైమాటే. 150 ఆంపియర్లకి 0.01 ఓము అడ్డొచ్చినా 1.5 వోల్టులు దారిలోనే పోతాయి. అంత చిన్న ఓములు మామూలు మీటరుకి కనపడవు. అందుకే లోడ్ మీద పరీక్షించాలి. ఇంజిన్ అందుకోకుండా కాయిల్ తీగ తీసేసి, మీటరుని డీసీ వోల్టుల్లో ఒక మొన బ్యాటరీ ఎర్తు మొలకి, ఇంకోటి ఇంజిన్ దిమ్మకి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే మంచిది. 0.5 దాటితే ఎక్కడో దారి మూసుకుపోయినట్టే.

మర్నాడు కొత్త అల్లిక తీగ వేశాం. బోల్టు కూర్చునే చోట మాత్రం రంగు గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన వాజలీన్ రాశాం. చోక్ కేబులు మార్చాం. బ్యాటరీ ఎర్తు కింద కూడా రంగే ఉంది, అదీ గీకాం. ఒక్క సెల్ఫుకి స్టార్టయింది.

అమెరికాలో 1960ల నాటి ముస్టాంగులు, కమారోలు బాగుచేసేవాళ్ళు ఏ ఎర్తు తీగ ఏ బోల్టు కింద ఉండేది, అక్కడ రంగు ఉండేదా లేదా అని గంటలు గంటలు వాదించుకుంటారు. ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే ఉండాలంటారు. ఇదివరకు చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. మెరుపు అందరికీ కనిపిస్తుంది. ఫ్యాక్టరీవాడు రంగు వేయకుండా వదిలేసిన అంగుళం ఎందుకు వదిలాడో అడగాలని మనకి తోచదు. ఆఫీసులో, ఎందుకుందో తెలియని లైను తీసేయొద్దని కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. ఇంటికొచ్చి చేసిన పని ఇదీ.

కాబట్టి పాత బండి విప్పేముందు ప్రతి ఎర్తు బోల్టునీ ఫోటో తీసుకోండి. తీగలు చీటీ కట్టి దాచండి. పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్ బాడీకి ఉన్నవీ ఉన్నాయి, బ్యాటరీ పెట్టేముందు అదీ చూసుకోండి.

ఆ ఆదివారం బాపే నడిపి మమ్మల్ని వేములవాడ తీసుకెళ్ళాడు. దారిలో "వేలెట్లుంది బాపూ?" అన్నా.

"ఏం గాలే. గా పాత తీగ పారెయ్యకు, ఇంటికి తే" అన్నాడు.

వచ్చేవారం కోరుట్ల వెళ్ళి ఆ సంచి వెతకాలి.