బారులో బాక్

సెల్లో కళాకారుడు మాట్ హైమోవిట్జ్ 2000లో పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాక్ సెల్లో సూట్లతో అమెరికాలోని బార్లు, క్లబ్బుల బాట పట్టాడు. 2002లో పంక్ రాక్‌కు పుట్టినిల్లయిన న్యూయార్క్ సీబీజీబీ క్లబ్‌లోనూ వాయించాడు. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రివల్యూషన్ కఫేలో వయోలా కళాకారుడు చరిత్ ప్రేమవర్ధన మొదలుపెట్టిన ‘క్లాసికల్ రివల్యూషన్’ ఇలా వాయించడాన్ని వారం వారం జరిగే కచేరీగా మార్చింది. తర్వాత వేరే నగరాల్లోనూ అలాంటి బృందాలు వెలిశాయి.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి బల్లలూ గ్లాసులూ కొత్తవేమీ కావు. 1729 నుంచి బాక్ స్వయంగా లైప్జిగ్‌లోని జిమ్మర్‌మన్ కాఫీహౌస్‌లో బృందాన్ని నడిపించాడు. రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో ఉండే క్వార్టెట్ పుట్టిందే గది కోసం. మైకు అక్కర్లేదు. కమాను తీగను తాకే గరుకుదనం, వాయించేవారు ఊపిరి తీయడం కూడా వినిపిస్తాయి. ఎంత గొప్ప హాలైనా వెనక వరుసకు ఈ దగ్గరితనాన్ని ఇవ్వలేదు. నష్టమూ లేకపోలేదు, సన్నటి స్వరాలు మాటల సందడిలో మునిగిపోతాయి. కృతిలో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదన్న నియమం ఇక్కడ నిలవదు. మొజార్ట్ కాలంలోనూ అది లేదు, 1778లో పారిస్ శ్రోతలు సింఫనీ మధ్యలోనే చప్పట్లు కొడితే ఆయన పొంగిపోయాడు.

2012లో ఏర్పడిన బ్రూక్లిన్ రాగా మాసివ్ బృందం మన రాగ సంగీతాన్నీ ఇలాగే బార్లకు, కఫేలకు తెచ్చింది. టెర్రీ రైలీ 1964లో కూర్చిన ‘ఇన్ సి’ని సితార, తబలా, బాన్సురీలతో వాయించి 2017లో ఆల్బమ్‌గా విడుదల చేసింది.